బల్‌రాజ్ సాహ్నీ చేతిలో పని

బల్‌రాజ్ సాహ్నీ పేరు ఎత్తగానే వెంట వచ్చే మాట "సహజ నటుడు". హిందీ సినిమా గురించి తెలుగులో రాసేవాళ్లు కూడా ఈ మాట దగ్గరే ఆగిపోతారు. మెచ్చుకోలుగానే అంటారు, అందులో సందేహం లేదు. కానీ సహజం అనేసరికి పుట్టుకతో అబ్బిందనీ, ఆయన పెద్దగా కష్టపడింది లేదనీ ఒక అభిప్రాయం స్థిరపడిపోతుంది. అసలు సంగతి దానికి పూర్తిగా విరుద్ధం. మొదటి సినిమాల్లో కెమెరా ముందుకు వస్తే ఒళ్లు బిగుసుకుపోయేదనీ, మాట పెగిలేది కాదనీ ఆయనే తన సినిమా ఆత్మకథలో దాచుకోకుండా రాసుకున్నాడు. అప్పటికి ఆయనకు ముప్పై దాటింది, చేతిలో ఇంగ్లీషు ఎం.ఏ. ఉంది, నాటకాల అనుభవమూ ఉంది. అవేవీ అక్కరకు రాలేదు.

మరి ఆ బిగువు ఎలా పోయింది? సినిమాలు వరస పెట్టి చూస్తే ఒకటి కనిపిస్తుంది. ఆయన గొప్పగా చేసిన ప్రతి పాత్రకీ చేతిలో ఒక పని ఉంది. ఒకచోట రిక్షా లాగుతాడు, ఒకచోట ఎండుపళ్ల మూట మోస్తాడు, ఒకచోట చెప్పుల కార్ఖానా నడుపుతాడు. పని ఇచ్చినచోట ఆ పని చేసేవాడి నడుమూ నడకా నేర్చుకుని, వాటి మీదుగా పాత్రలోకి వెళ్లాడు. పని ఏమీ ఇవ్వకుండా "మంచివాడు" అని మాత్రమే రాసి ఇచ్చినచోట ఆ పాత బిగువు మళ్లీ వచ్చి కూర్చుంది. ఆయన్ని సహజ నటుడు అనడం కంటే పనితనం తెలిసిన నటుడు అనడం న్యాయం.

ఆయన 1913 మే 1న రావల్పిండిలో పుట్టాడు. ఆర్యసమాజ కుటుంబం, తండ్రిది బట్టల వ్యాపారం. మొదట పెట్టిన పేరు యుధిష్ఠిర్. ఇంట్లో నోరు తిరగక బల్‌రాజ్ అయ్యాడు. "తమస్" నవల రాసిన భీష్మ సాహ్నీ ఆయన తమ్ముడే. లాహోర్ గవర్నమెంట్ కాలేజీలో చదువు ముగించి, కొన్నాళ్లు తండ్రి వ్యాపారం చూసి, అది వదిలేసి భార్య దమయంతితో శాంతినికేతన్ వెళ్లి పాఠాలు చెప్పాడు. తర్వాత సేవాగ్రామ్‌లో గాంధీ దగ్గర, ఆయన విద్యా విధానం పేరుతో వచ్చే "నయీ తాలీమ్" పత్రిక పని. 1940 నుంచి 1944 వరకు లండన్‌లో బీబీసీ హిందీ అనౌన్సర్.

ఈ నాలుగేళ్ల రేడియో కొలువును ఆయన గురించి రాసేవాళ్లు ఒక వాక్యంలో దాటేస్తారు. నాకు అది చాలా ముఖ్యమనిపిస్తుంది. మైకు ముందు గొంతు పెంచడం తేలిక. గొంతు తగ్గించి కూడా వాక్యం చివరి మాట దాకా ఊపిరి నిలుపుకోవడం కష్టం. సహజంగా చేద్దామనుకునే కొత్త నటులు తప్పేది సరిగ్గా ఇక్కడే: స్థాయి తగ్గించగానే వాక్యం చివర గాలి అయిపోతుంది, క్రియాపదం మింగేస్తారు, అది గొణుగుడుగా వినిపిస్తుంది. సాహ్నీ ఎంత మెల్లగా మాట్లాడినా చివరి అక్షరం వినిపిస్తుంది. మన కొంగర జగ్గయ్య గొంతు తెలిసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఆయన కూడా సినిమాల్లో స్థిరపడకముందు ఢిల్లీ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివినవాడే.

లండన్ నుంచి తిరిగొచ్చాక భార్యాభర్తలిద్దరూ బొంబాయిలో వామపక్ష నాటక సంస్థ ఇప్టాలో (ఇండియన్ పీపుల్స్ థియేటర్ అసోసియేషన్) చేరారు. మనవైపు గరికపాటి రాజారావు నడిపిన ప్రజానాట్యమండలి ఈ ఇప్టా ఉద్యమంలో భాగమే. బెంగాల్ కరువు మీద ఇప్టావాళ్లు కె.ఎ. అబ్బాస్ దర్శకత్వంలో "ధర్తీ కే లాల్" తీశారు. 1946లో వచ్చిన ఆ సినిమాలో ఇద్దరూ నటించారు. ఆ మరుసటి ఏడే దమయంతి చనిపోయింది. ఇద్దరు చిన్నపిల్లలు, చేతిలో స్థిరమైన పని లేదు.

తర్వాత జైలు. కమ్యూనిస్టు ఊరేగింపులో అరెస్టయి లోపల ఉన్న రోజుల్లోనే "హల్‌చల్" షూటింగు. పోలీసుల కాపలాతో జైలు నుంచి స్టూడియోకి వచ్చి నటించి, మళ్లీ జైలుకే వెళ్లేవాడు. అందులో ఆయన వేసిన వేషం జైలరు. ఖైదీగా ఉంటూ తనను కాపలా కాసే మనిషి నడవడిని రోజూ గమనించి, దాన్నే పగలు కెమెరా ముందు పెట్టాల్సి వచ్చింది. ఆయన పద్ధతికి నాంది ఇక్కడ పడిందని నా నమ్మకం. సినిమా 1951లో విడుదలైంది. అదే ఏడు జియా సర్హదీ తీసిన "హమ్ లోగ్" ఆయనకు నటుడిగా గుర్తింపు తెచ్చింది. అదే ఏడు దర్శకుడిగా గురుదత్ మొదటి సినిమా "బాజీ"కి కథా స్క్రీన్‌ప్లే కూడా ఆయనే రాశాడు. బొంబాయి సిటీ బస్సులో టిక్కెట్లు కొడుతూ ప్రయాణికుల్ని నవ్విస్తున్న ఒక కండక్టరును చూసి గురుదత్ దగ్గరికి పంపింది కూడా ఆయనే. ఆ కండక్టరే తర్వాత జానీ వాకర్. పని చేసుకుంటున్న మనిషిని చూడటం ఆయనకు ఎంత అలవాటో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక "దో బీఘా జమీన్". బిమల్ రాయ్ తీసిన ఈ సినిమా 1953లో వచ్చింది. కథ సలిల్ చౌధురిది, పేరు రవీంద్రుడి కవిత నుంచి తీసుకున్నది. బీఘా అంటే మనకు వెంటనే తట్టదు. కొలత ప్రాంతాన్నిబట్టి మారుతుంది. బెంగాల్ బీఘా అయితే మూడోవంతు ఎకరం, అంటే సుమారు 33 సెంట్లు. రెండు బీఘాలంటే 66 సెంట్ల చెక్క. శంభు మహతో తన లెక్కలో 65 రూపాయల బాకీ ఉన్నాననుకుని ఇంట్లో ఉన్నవన్నీ అమ్మి డబ్బు పట్టుకెళితే, జమీందారు లెక్క 235 రూపాయలు తేలుతుంది. కోర్టు మూడు నెలలు గడువిస్తుంది. ఆ డబ్బు కోసం శంభు కలకత్తా వెళ్లి రిక్షా లాగుతాడు.

ఈ వేషానికి పిలిచినప్పుడు సాహ్నీ సూటూబూటూ వేసుకుని వెళ్లాడు. ఆ మనిషిని చూసి, తనవాళ్లు పొరపాటున ఎవరినో తీసుకొచ్చారనుకున్నాడు బిమల్ రాయ్. "ధర్తీ కే లాల్"లో రైతు వేషం వేసిన సంగతి చెప్పాక గాని మనసు మార్చుకోలేదు. ఆయన సందేహం నూటికి నూరుపాళ్లూ సబబే. ఎత్తుగా, తెల్లగా, లండన్‌లో నాలుగేళ్లుండి వచ్చిన పంజాబీ మనిషి. రిక్షావాడి వేషం వేస్తే వేషంగానే మిగిలిపోయే ప్రమాదం పూర్తిగా ఉంది.

సాహ్నీ మొదలుపెట్టింది బొంబాయి శివార్లలోని జోగేశ్వరి నుంచి. అక్కడ ఉత్తరప్రదేశ్, బిహార్‌ల నుంచి వచ్చి పశువులు మేపుకుంటూ పాలమ్ముకునే భయ్యాల బస్తీ ఉండేది. వాళ్లు ఎలా కూర్చుంటారు, ఎలా తింటారు, తలకు గంఛా ఎలా చుడతారు అని రోజుల తరబడి చూశాడు. గంఛా అంటే మన తువ్వాలు లాంటిదే. ఒక్కొక్కడు ఒక్కోలా చుడతాడు, ఆ చుట్టులోనే మనిషి తెలిసిపోతాడు. సినిమాలో శంభు తలగుడ్డ ఎక్కడా వేషంలా అనిపించకపోవడానికి కారణం ఈ చూపే.

తర్వాత కలకత్తాలో రిక్షా. ఆ బండి సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ నటన సగం ఆ బండిలోనే ఉంది. రెండు పెద్ద చెక్క చక్రాలు, ఇరుసు మీద సీటు, ముందుకు రెండు పొడుగాటి కొయ్యలు, ఆ కొయ్యల మధ్య మనిషి. బ్రేకు అంటూ ఏమీ లేదు. కొయ్యలు నేలకు ఆనించి ఉండగా జనం ఎక్కుతారు. వాళ్లు కూర్చున్నాక కొయ్యలు పైకి లేపే క్షణమే అన్నిటికన్నా బరువు. లేపాక వాటిని ఒక ఎత్తులో ఉంచితే బరువంతా ఇరుసు మీద నిలిచి చేతులకు తేలికైపోతుంది. ఆ ఎత్తు దాటి పైకి లేస్తే బండి వెనక్కి తిరగబడుతుంది, కిందికి దిగితే మోత చేతుల మీద పడుతుంది. కొత్తవాడు చేతులతో లాగుతాడు, గంటలో భుజాలు పడిపోతాయి. అలవాటైనవాడు ఒంటి బరువు ముందుకు వాల్చి బండిని కదిలిస్తాడు, ఆపాలంటే వెనక్కి వాలి మడమలు తన్నిపెడతాడు. రెండు చేతులూ కొయ్యల మీదే ఉంటాయి కాబట్టి పరుగులో చేతులు ఊగవు. అందుకే రిక్షావాడి పరుగు మామూలు పరుగులా ఉండదు. నడుము పైభాగం కదలకుండా, కింద కాళ్లు మాత్రమే పొట్టి అంగలతో పోతాయి.

ఈ వివరాలు మనసులో పెట్టుకుని సినిమాలో పందెం ఘట్టం చూడండి. వేరే రిక్షాలో వెళ్లిపోతున్న అమ్మాయిని అందుకోవాలని ఒక బాబు శంభును తొందరపెడుతూ, ఇంకా వేగంగా పో, ఇంకా ఇస్తానంటూ కిరాయి పెంచుకుంటూ పోతాడు. శంభుకు ఊరిలో పొలం గడువు దగ్గరపడుతోంది, ప్రతి రూపాయీ లెక్కే. చివరికి చక్రం ఊడి బండి కూలుతుంది. చాలామంది ఇక్కడ ఆయన మొహం చూస్తారు. భుజాలు చూడండి. బండి బరువు ఎటు తూగుతోందో ఆ భుజాల్లో తెలుస్తుంది. రిక్షా లాగడం రాని నటుడైతే ఈ ఘట్టాన్ని మొహంతో నెట్టుకురావాలి. అప్పుడు కళ్లు పెద్దవి చెయ్యాలి, నోరు తెరిచి రొప్పాలి, సంగీతం సాయం తీసుకోవాలి. సాహ్నీకి ఆ అవసరం రాలేదు.

ఇంత చేసినా ఆయనకు ధైర్యం చిక్కలేదు. షూటింగు మధ్యలో బిహార్ నుంచి వచ్చిన ఒక నడివయసు రిక్షావాడు, ఏం చేస్తున్నారు బాబూ అని అడిగితే కథ చెప్పాడు. వింటూ వింటూ ఆ మనిషి కన్నీళ్లు పెట్టుకున్నాడు. తన ఊళ్లోనూ రెండు బీఘాలు జమీందారు తాకట్టులో ఉన్నాయి, విడిపించుకుందామని కలకత్తా వచ్చి పదిహేనేళ్లయింది, ఇది నా కథే బాబూ అన్నాడు. నటన సూత్రాల గురించి మథనపడటం ఆ రోజుతో మానేశానని సాహ్నీ రాశాడు. ఈ సంఘటనను చాలామంది ఎత్తిచూపుతారు, కాని వరస తప్పించి చెబుతారు. ఆ మనిషి కన్నీళ్లు చూసి నటన వచ్చేసినట్టు చెబుతారు. జోగేశ్వరి ముందు వచ్చింది. కొయ్యల మధ్య నిలబడటం ముందు వచ్చింది. చేతులకు పని తెలిసి ఉన్నాక ఆ రిక్షావాడి మాట విన్నాడు కాబట్టే, అది ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలిసింది.

సినిమాకు 1954లో కాన్స్‌లో అంతర్జాతీయ బహుమతి వచ్చింది. అదే ఏడు మొదలైన ఫిల్మ్‌ఫేర్ అవార్డుల్లో ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడు ఈ సినిమాకే. ఉత్తమ నటుడు మాత్రం "దాగ్"లో చేసిన దిలీప్ కుమార్. దిలీప్‌ను తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. కానీ సాహ్నీకి జీవితాంతం ఉత్తమ నటుడిగా ఫిల్మ్‌ఫేర్ గాని, జాతీయ అవార్డు గాని రాలేదన్నది బాధగానే చెప్పుకోవాల్సిన విషయం. 1969లో పద్మశ్రీ ఇచ్చారు. నటన కనిపించకుండా నటిస్తే బహుమతులిచ్చేవాళ్లకు కూడా కనిపించదేమో. మన గరికపాటి రాజారావు "పుట్టిల్లు" కూడా 1953దే. ఒకే ఉద్యమం నుంచి వచ్చిన ఇద్దరు ఒకే ఏడు, ఒకరు బొంబాయి బాటన, ఒకరు మద్రాసు బాటన, ఇటువంటి ప్రయత్నాలు చెయ్యడం కాకతాళీయం కాదనిపిస్తుంది.

ఇప్పుడు రెండోవైపు. అభిమానులు దీన్ని దాటవేస్తారు, అది ఆయనకే మేలు చెయ్యదు. "సీమా"లో అనాథాశ్రమం నడిపే అశోక్‌బాబు, మద్రాసులో ఏవీఎం తీసిన "భాభీ"లో పెద్దన్నయ్య. ఇలాంటివి ఆయన చాలా చేశాడు. ఇల్లు గడవాలి, ఆ రోజుల్లో కుటుంబ చిత్రాలకు ఆయన మొహం బాగా నప్పింది. ఈ పాత్రలకు ఓర్పు ఉంది, త్యాగం ఉంది, చేతిలో మాత్రం ఏమీ లేదు. అందుకే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు వెనక్కి కట్టుకుంటాడు, లేదా పక్కన వేలాడేస్తాడు. మెడ నిటారుగా నిలబడిపోతుంది. సంభాషణ ఉపన్యాసంలా సాగుతుంది. తప్పు పూర్తిగా ఆయనది కాదు, రాసినవాళ్లదీ ఉంది. అయినా సాధారణ సన్నివేశాన్ని తన ఆకర్షణతో నిలబెట్టే శక్తి అశోక్ కుమార్‌కు ఉన్నంతగా సాహ్నీకి లేదు. ఆయనకు సరుకు కావాలి.

సరుకు ఇస్తే ఏం చేస్తాడో చూడాలంటే "కాబూలీవాలా" చాలు. 1961లో బిమల్ రాయ్ నిర్మించగా హేమేన్ గుప్తా దర్శకత్వం వహించాడు. అందులో ఆయనది కలకత్తా వీధుల్లో ఎండుపళ్లమ్మే పఠాన్ వేషం. ఆ హిందీ యాస ఆయన ఎక్కడికో వెళ్లి నేర్చుకోనక్కర్లేదు. రావల్పిండి వాయవ్య సరిహద్దు ప్రాంతానికి దగ్గర, పఠాన్ల మాట చెవిన పడే ఊరు. ఒక్క మనిషి ఎన్ని హిందీలు మాట్లాడాడో లెక్కపెట్టండి: శంభుది పల్లెటూరి మాట, కాబూలీవాలాది లింగభేదాలు తారుమారయ్యే పఠాన్ హిందీ, 1965 నాటి "వక్త్"లో లాలా కేదార్‌నాథ్‌ది ధీమా నిండిన వ్యాపారి మాట, "గర్మ్ హవా"లో సలీం మీర్జాది ఆగ్రా ఉర్దూ. "వక్త్"లో "ఏ మెరీ జోహరా జబీన్" పాటలో భార్య వైపు తిరిగి పాడే మనిషినీ, నోట మాట రాని శంభునూ పక్కపక్కన పెడితే ఒకే నటుడని నమ్మబుద్ధి కాదు.

భాష మీద ఆయనకు అంత పట్టు ఉండటానికి శాంతినికేతన్‌లో ఒక కారణం దొరుకుతుంది. హిందీలో కథలు రాస్తున్న యువకుడిని రవీంద్రుడు, నీ మాతృభాషలో ఎందుకు రాయవని అడిగాడు. గురునానక్ హారతి పాటను చూపించి పంజాబీ ఎంతటి భాషో చెప్పాడు. అప్పటికి ఆ మాట తలకెక్కలేదు గాని తర్వాత సాహ్నీ పట్టుబట్టి గురుముఖి సాధన చేసి పంజాబీ రచయిత అయ్యాడు. పాకిస్తాన్ యాత్ర, రష్యా యాత్ర, సినిమా ఆత్మకథ ఆ భాషలో రాసినవే. 1972లో జె.ఎన్.యు. స్నాతకోత్సవంలో బానిస మనస్తత్వం గురించి చేసిన ప్రసంగంలో ఈ సంగతి ఆయనే చెప్పాడు.

చివరిగా "గర్మ్ హవా". ఎం.ఎస్. సత్యుకు ఇది మొదటి సినిమా. ఇస్మత్ చుగ్తాయ్ కథ, స్క్రీన్‌ప్లే కైఫీ ఆజ్మీ, షమా జైదీలది. ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్ ఇచ్చిన రెండున్నర లక్షలతో మొదలైంది. ఆగ్రాలో గొడవ చేసేవాళ్ల దృష్టి మళ్లించడానికి, రీలు లేని ఉత్తుత్తి కెమెరాతో ఒక నకిలీ యూనిట్‌ను వేరే చోటుకు పంపి, అసలు షూటింగు మరోచోట చేసుకునేవారు. కెమెరామన్ ఈశాన్ ఆర్య. తెలుగువాళ్లకు ఈయన పరాయి మనిషి కాడు. బాపు "ముత్యాల ముగ్గు"కు కెమెరా పట్టి 1975కు జాతీయ ఉత్తమ ఛాయాగ్రాహకుడి అవార్డు అందుకున్నది ఈయనే. సలీం మీర్జా భార్యగా చేసిన షౌకత్ ఆజ్మీ హైదరాబాద్‌లో పెరిగిన మనిషి.

సలీం మీర్జా ఆగ్రాలో చెప్పుల కార్ఖానా యజమాని. దేశం రెండయ్యాక అన్న పాకిస్తాన్ వెళ్లిపోతాడు, అన్న పేరున ఉన్న హవేలీ చేజారుతుంది. వీళ్లు కూడా రేపో మాపో వెళ్లిపోతారని బ్యాంకులు అప్పివ్వవు. అప్పు లేక ఆర్డర్లు పోతాయి. అద్దె ఇల్లు దొరకదు. కార్ఖానా తగలబడుతుంది. చివరికి యజమాని తనే కూర్చుని చెప్పులు కుట్టుకునే స్థితికి వస్తాడు. కైఫీకి కాన్పూర్ చెప్పుల కార్ఖానా కార్మికులతో పనిచేసిన అనుభవం ఉంది, అది ఈ కథలోకి వచ్చింది. సాహ్నీకి కావలసిన సరుకు మళ్లీ దొరికింది. ఒక పనివాడి స్థాయి మెట్టు మెట్టుగా దిగిపోతూ ఉంటే నడవడి మాత్రం దిగకుండా పట్టుకోవడమే ఆ పాత్ర. షేర్వాణీ బొత్తాలు పెట్టుకునే తీరు, టోపీ సర్దుకునే తీరు మొదట ఎలా ఉందో చివర అలాగే ఉంటుంది. కిందికి జారేది చుట్టూ ఉన్న లోకం.

కూతురు ఆమీనా ప్రాణం తీసుకున్న ఘట్టంలో ఆయన ఏడవడు, మాట్లాడడు. 1972లో ఆయన కూతురు షబ్నమ్ పోయింది, కాబట్టి తన సొంత దుఃఖమే అక్కడ పెట్టాడని అంటుంటారు. ఆ మాట అనడానికి నాకు మనసొప్పదు. దుఃఖం ఎవరికైనా వస్తుంది. వచ్చిన దుఃఖాన్ని అణచిపెట్టి, సలీం మీర్జా అయితే ఎంతవరకు బయటపడతాడో అంతవరకే బయటపెట్టడం ఇరవై ఏడేళ్ల సాధన. సొంత బాధతో ఏడ్చే నటులు ఎందరో. అక్కడ ఏడవకుండా నిలబడినందుకు ఆయనకు చేతులెత్తి మొక్కాలి.

షూటింగు వేళ శబ్దం పట్టే వసతి ఆ కెమెరాకు లేదు. మాటలన్నీ తర్వాత డబ్బింగులో పడ్డాయి. డబ్బింగులో పెదాల కదలిక సరిపోతే చాలని చాలామంది అనుకుంటారు, కాని పట్టిచ్చేది ఊపిరి. నడుస్తూ చెప్పిన మాటను స్టూడియోలో నిలబడి చెబితే ఆ అలుపు ఉండదు, తెర మీద మనిషి ఒకచోట, గొంతు మరోచోట అయిపోతాయి. సలీం మీర్జా గొంతులో ఆ ఎడం వినిపించదు. డబ్బింగు 1973 ఏప్రిల్ 12న పూర్తయింది. మర్నాడు, ఏప్రిల్ 13న, గుండెపోటుతో సాహ్నీ చనిపోయాడు. ఇంకో పద్దెనిమిది రోజులకు అరవై నిండేవి. సినిమా 1974లో విడుదలై జాతీయ సమైక్యతా చిత్రంగా అవార్డు అందుకుంది.

ఆయన్ని కొత్తగా చూసేవాళ్లకు నేను చెప్పే పద్ధతి ఇది. ముందు "దో బీఘా జమీన్"లో కలకత్తా భాగం ఒక్క అరగంట శబ్దం పూర్తిగా తీసేసి చూడండి. కథ తెలియకపోయినా ఆ మనిషికి ఏ పూట పని దొరికిందో, ఏ పూట దొరకలేదో నడకలో తెలుస్తుంది. తర్వాత "గర్మ్ హవా"లో ఒక అరగంట కళ్లు మూసుకుని వినండి. అప్పు కోసం బయటివాళ్లతో మాట్లాడే సలీం మీర్జా, ఇంటికొచ్చి భార్యతో మాట్లాడే సలీం మీర్జా ఒకే స్థాయిలో మాట్లాడతారు. బయట ప్రతి వాక్యం తర్వాతా చిన్న ఎడం ఉంటుంది, ఎదుటివాడు ఏమంటాడోనని. ఇంట్లో ఆ ఎడం ఉండదు.